మిలిటరీ చేను

(ప్రొద్దుటూరులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసుకున్నాం. మనుషుల పేర్లు, ఊరి పేరు ఆయన కోరిక మీద వదిలేశాం.)

అందరికీ నమస్కారం. పిలిచిన మిత్రులు నాకు అప్పజెప్పిన విషయం మా వంశం గురించి, మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఆయన యుద్ధ జీవితం గురించి. కరపత్రంలో కూడా అట్లే వేసినారు, పక్కన తుపాకి బొమ్మ ఒకటి. మా జేజినాయన తుపాకి పట్టింది తక్కువ, పార పట్టింది ఎక్కువ. ఆయన సాపర్. దారులేసే పటాలం, వంతెనలు కట్టే పటాలం. సరే, బొమ్మ వేసినాయన కష్టం ఎందుకు పోగొట్టాల, ఉండనీండి.

ఉద్యోగమంతా రెవెన్యూలో చేసినవాణ్ణి. కథల కంటే సర్వే నంబరు మీద నాకు నమ్మకమెక్కువ. అందుకని ఈ రోజు ఒక చేను గురించి చెప్తా. ఐదెకరాలు. మా ఊళ్ళో దాన్ని మిలిటరీ చేను అనేవాళ్ళు. ఇప్పుడు గండికోట జలాశయం నీళ్ళ కింద ఉంది. మా జేజినాయన బర్మా యుద్ధంలో పనిచేసినందుకు సర్కారు బహుమానంగా ఇచ్చిన చేను అది, అని మా ఇంట్లో అందరూ చెప్పేవాళ్ళు. నేనూ బళ్ళో గొప్పగా చెప్పుకున్నా. అది నిజం కాదు. ఆ సంగతి తెలియాలంటే ముందు మా వంశం కథ కొంత వినాల.

మా వాళ్ళు మొదట చెప్పుకునేది కట్టుబడి ఇనాం. చిన్నవాళ్ళకు తెలీకపోవచ్చు. పాలెగాళ్ళ కాలంలో ఈ సీమలో బంట్లకు డబ్బు జీతాలు తక్కువ. పాలెగాడు పిలిస్తే కత్తో ఈటో పట్టుకొని పోవాల. మామూలు రోజుల్లో ఊరు కాయాల, దారి కాయాల. దానికి బదులు కొంత భూమిని శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుతోనో అనుభవించొచ్చు. వాళ్ళే కట్టుబడులు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, వదిలేసినాడు. మన్రో కలెక్టరుగా వచ్చినాడు. అప్పటికి ఇక్కడ ఎనభై మంది దాకా పాలెగాళ్ళు. 1807లో ఆయన పోయేలోపల వాళ్ళ బలం విరిచి, కొందరికి పింఛను కట్టి, రైతుతో నేరుగా శిస్తు లెక్క పెట్టుకున్నాడు. పాలెగాడు పోయినాడు, కట్టుబడి మాత్రం ఉండిపోయినాడు. పిలిచే దొర లేడు, భూమి మాత్రం చేతిలో ఉంది.

ఆ భూమి మీద కుంఫిణీ కన్ను పడింది. ఇనాందారు చచ్చిపోతే కొడుక్కి ఇవ్వకుండా వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టినారు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్ళలో కట్టుబడులు చాలామంది ఉన్నారంటే కారణం ఇదే. అప్పట్లో కోయిలకుంట్ల మన కడప జిల్లాలోదే. కర్నూలు జిల్లా ఏర్పడింది 1858లో. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరి తీసినారు. అదంతా మీకు తెలిసిందే.

మా ఇంటి కథ ఏమంటే, మా జేజినాయనకు జేజినాయన ఆ నరసింహారెడ్డి వెంట గుర్రమెక్కి పోయినాడని. పెండ్లిండ్లలో, దేవరల్లో ఎన్నిసార్లు విన్నానో. ఉద్యోగంలో ఉన్నప్పుడు మా ఊరి ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూసే అవకాశమొచ్చింది. 1860ల్లో ఇనాం కమిషన్ వాళ్ళు ఒక్కో ఇనామూ ఎవరిచ్చినారు, దేనికిచ్చినారు, ఇప్పుడెవరు తింటున్నారు అని విచారించి రాసిన పుస్తకం అది. మా పెద్దాయన పేరుంది. కట్టుబడి ఇనాం. ఏటా ఇంత జోడి, అంటే తక్కువ శిస్తు, కట్టుకుంటే ఇక నీ సొంతం అని టైటిల్ డీడ్ ఇచ్చినట్టు రాసింది. మీరే చెప్పండి, తిరుగుబాటులో కత్తి పట్టినవాడికి ఇరవై ఏండ్లు తిరక్కుండానే తెల్లదొర టైటిల్ డీడ్ ఇస్తాడా? (నవ్వులు) నా లెక్క ప్రకారం ఆయన ఆ ఏడాది ఇంట్లోనే ఉండుంటాడు. లేదంటే పోయి, సగం దారిలో గుర్రం తిప్పుకొని వచ్చుంటాడు. ఈ మాట అన్నందుకు మా చిన్నాయన నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

ఇంకో సంగతి చూడండి. 1876–78 ధాతు కరువు ఈ జిల్లాలను తుడిచిపెట్టింది. ఆ కరువు గురించి మా ఇంట్లో ఒక్క కథా లేదు. కానీ కరువుకు ముందు లెక్కలూ తర్వాతి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే మా పేరు మీద భూమి పెరిగింది. మా కథలన్నీ యుద్ధాలవి. భూమి మాత్రం కరువుల్లో పెరిగింది. ఇది గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక మా జేజినాయన. ఆయన చేతికొచ్చేనాటికి నలభై ఎకరాల పైన నల్లరేగడి. వినడానికి ఘనంగా ఉంటుంది. జొన్న, పత్తి, ధనియాలు. వాన సమయానికి పడితే రేగడి అంత నమ్మకమైన నేల లేదు. పడకపోతే మనిషి కాలు దిగబడేంత బీటలు. దానికి తోడు 1930ల్లో ధరలు పడిపోయినాయి. పండినా అమ్మితే కూలి ఖర్చు రాని కాలం. అప్పులు పెరిగినాయి. 1938లో రాజాజీ మంత్రివర్గం రైతు రుణాల చట్టం తెచ్చింది. వడ్డీల భారం కొంత తగ్గింది గానీ, షావుకార్లు భయపడి కొత్త అప్పు ఇయ్యడం మానేసినారు. మా భూమిలో మంచి ముక్క, పెన్న వైపుది, తాకట్టులో ఉంది. 1941లో మా జేజినాయన కొండాపురం స్టేషన్‌లో రైలెక్కి, గుంతకల్లులో మారి, బెంగుళూరు పోయి పటాలంలో చేరినాడు. దేశభక్తి అంటారా, రాజభక్తి అంటారా, నాకైతే ఆ తాకట్టు తప్ప ఇంకే కారణమూ కనపడదు.

బెంగుళూరే ఎందుకు? పాత మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు వేలకు వేలు ఉండేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, దక్షిణాదివాళ్ళు యుద్ధజాతి కాదు అని తెల్లదొరలు తేల్చేసి, మద్రాసు పలటన్లను ఒక్కొక్కటే ఎత్తేసుకుంటా వచ్చినారు. ఆ దెబ్బకు తట్టుకొని నిలిచింది సాపర్ల పటాలం. 1780 నుంచి ఉంది. రెండో యుద్ధంలో మనుషులు కావాల్సొచ్చి తలుపులన్నీ మళ్ళీ తెరిచినారు. యుద్ధం ముగిసేసరికి భారత సైన్యం 25 లక్షలు. అందరూ తమంతట తాము చేరినవాళ్ళే అని పుస్తకాల్లో ఉంటుంది. కరువు సీమలో 'తమంతట తాము' అన్నదానికి అర్థం మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ రోజు రైలెక్కింది మా జేజినాయన ఒక్కడే కాదు. మా ఊరి నుంచి ఇంకొకాయన కూడా పోయినాడు. ఊరి బయట వాడలో ఇల్లు. మా ఇంట్లో జీతగాడు. ఏడాదికిన్ని జొన్నలు, ఒక దుప్పటి, ఒక జత చెప్పులు, అదీ జీతం. వాళ్ళ నాయన చేసిన అప్పు మా ఇంట్లో ఉండేది, ఆ అప్పు కింద ఈయన జీతానికి నిలబడినాడు. ఈయన పేరు చెప్పను, వాళ్ళ మనవలు వద్దన్నారు. సాపరాయన అంటా. ఇద్దరూ సాపర్లే అయినా, మా జేజినాయనను ఊళ్ళో ఎవరూ అట్ల పిలవలేదు, ఆయన 'మిలిటరీ రెడ్డి'. సాపరాయనకు మటుకు సాపర్ అనే మాటే పేరైపోయింది.

మా ఇంట్లో చెప్పేది ఏమంటే, ఈయన మా జేజినాయనకు తోడుగా, మూట మోయడానికి పోయినాడని. వాళ్ళ మనవడు చెప్పేది, అప్పు నుంచి బయటపడే దారి అదొక్కటే కనపడి పోయినాడని. రిక్రూటింగ్ ఆఫీసులో మూట మోసేవాళ్ళను చేర్చుకోరు. ఇద్దరూ ఒకే వరసలో నిలబడి ఛాతీ కొలిపించుకున్నారు. ఇద్దరికీ ఒకటే జీతం, నెలకు పదహారు పద్ధెనిమిది రూపాయలు.

అల్సూరు చెరువు పక్కన శిక్షణ. సాపర్లలో వంట అందరికీ ఒకటే, పంక్తి ఒకటే. ఇది మా జేజినాయన నోటి నుంచే విన్నా. మొదట్లో ఆయన అన్నం ముట్టలేదంట. పండ్లు కొనుక్కొని తిన్నాడంట. పొద్దంతా గుంతలు తవ్వి, కడ్డీలు మోసి, పండ్లతో ఎన్ని రోజులు నిలబడతాడు? చివరికి పళ్ళెం పట్టుకొని వరసలో పోయి నిలబడితే, ముందర నిలబడింది సాపరాయనే. "దొరా, ముందుకు రా" అని పక్కకు జరగబోతే హవల్దారు ఇద్దర్నీ తిట్టినాడంట. ఈ కథ చెప్పి మా జేజినాయన నవ్వేవాడు. సాపరాయన నవ్వేవాడో లేదో నాకు తెలీదు.

చదువు కూడా చెప్పినారు. అప్పట్లో సైన్యంలో నేర్పేది రోమన్ ఉర్దూ. మాట ఉర్దూ, రాత ఇంగ్లీషు అక్షరాలు. మా జేజినాయనకు తెలుగు చదువు ముందే ఉంది, సంతకం తెలుగులోనే చేసేవాడు. సాపరాయనకు అదే మొదటి చదువు. పటాలానికి వేలిముద్ర వేసి పోయిన మనిషి ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాయడం నేర్చుకొని వచ్చినాడు. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

బర్మా గురించి మా ఊళ్ళో చెప్పేవన్నీ చెప్తే రాత్రవుతుంది. చింద్విన్ నది మీద వంతెన మా జేజినాయనే కట్టినాడు అంటారు. కలేవా దగ్గర బెయిలీ వంతెన, అంటే ఇనుప ముక్కలు బిగించి కట్టేది, 1154 అడుగులు, 1944 డిసెంబరులో పూర్తయింది, అప్పటికి ప్రపంచంలో అంత పొడవు బెయిలీ వంతెన ఇంకోటి లేదు. ఆయన దాని మీద నడిచినాడు, అంతే. "మేం పోయేసరికి కట్టేసి ఉండింది" అని ఆయనే చెప్పినాడు. ఆయన చేసింది దాని ముందరి దారి. తమూ నుంచి కలేవాకు, కబా లోయలో. వాన మొదలైతే లారీ ఇరుసు దాకా బురద. రాయి లేదు, కంకర లేదు. గోనెపట్టను తారులో ముంచి, చుట్టలు చుట్టి తెచ్చి, చదును చేసిన మట్టి మీద పరుచుకుంటా పోయేవాళ్ళు. అట్ల వంద మైళ్ళ దారి. దాని మీద సైన్యం నడిచింది. మా సీమలో గోనెపట్ట శెనక్కాయలకు, అక్కడ అది లారీలకు, అని నవ్వేవాడు. ఆ లోయలో బుల్లెట్ల కంటే మలేరియాకు పడిపోయినవాళ్ళు ఎక్కువ. మెపాక్రిన్ మాత్రలు మింగి మింగి ఒళ్ళంతా పసుపు పూసినట్టయ్యేది. సాపరాయన మందుపాతరలు తీసే పనిలో ఉండి ఎడమ చెయ్యి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. మా ఇంటి కథల్లో ఆ వేళ్ళు ఎప్పుడూ రాలేదు.

ఇక్కడ యుద్ధం ఆపి ఊరికి రావాల. నాకు చాలా పెద్ద సంగతి అనిపించేది ఇదే.

ఆ ఐదేండ్లు మా నలభై ఎకరాలు ఎవరు చేసినారు? మా జేజి, మా జేజినాయన భార్య. ఇరవై నాలుగేండ్ల మనిషి, చంకలో ఒక బిడ్డ. మా జేజినాయన పోతా పోతా సేద్యం తన తమ్మునికి అప్పజెప్పి పోయినాడు. ఆ చిన్న జేజినాయనకు సేద్యం కంటే కోడిపందేలు ఇష్టం. మొదటి పైరుకే జేజి ఆయన చేతిలో నుంచి తాళాలు తీసుకుంది. పొద్దున గొర్రు కట్టేసరికి చేనులో నిలబడేది. జడ్డిగంలో, అంటే గొర్రు మీది విత్తనాల గిన్నెలో, విత్తనం పోసే ఆడోళ్ళ చెయ్యి ఎట్ల ఆడుతుందో గెనిమ గట్టు మీద నుంచే చూసి, పలచగా పడుతుందా, ఒత్తుగా పడుతుందా చెప్పేది. చదువు రాదు. లెక్క గోడ మీద బొగ్గు గీతలు. జీతం నుంచి మిలిటరీవాళ్ళు ఇంటికి పంపే మనియార్డరు నెల నెలా వచ్చేది. అది ముట్టుకునేది కాదు. యుద్ధంలో జొన్న ధర పైకి పోయింది, పత్తి ధర పోయింది. సర్కారు జొన్నలు లెవీ కింద అడుగుతా ఉంటే కొంత ఇచ్చి, కొంత ఇంటి ముందు పాతరలో పోసి, మీద మన్ను కప్పి, దాని మీద ఎడ్లను కట్టేసింది. (నవ్వులు) నేను రెవెన్యూ మనిషిని, నేను నవ్వకూడదు. 1945 నాటికి పెన్న వైపు ముక్క తాకట్టు విడిపించింది. విడుదల కాగితం మీద సంతకం ఆ తమ్మునిది. మా జేజి పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఆమె పేరు మొదటిసారి సర్కారు కాగితం మీద పడింది ఓటరు జాబితాలో.

మా జేజి దేవత అని నేను చెప్పబోవడం లేదు. సాపరాయన భార్యకూ మనియార్డరు వచ్చేది. పోస్ట్‌మన్ వాడలోకి పోయేవాడు కాదు. మా ఇంటి అరుగు దగ్గరే నిలబడి ఆమెను పిలిపించేవాడు. ఆమె వేలిముద్ర వేసి డబ్బు తీసుకునేది, అక్కడికక్కడే సగం మా జేజి చేతిలో పెట్టాల, పాత అప్పు కింద. మిగిలిన సగంతో ఆమె పిల్లల్ని సాకింది, పగలు మా చేలోనే కూలికొచ్చింది. ఈ సంగతి నాకు వాళ్ళ ఇంట్లోనే తెలిసింది. మా ఇంట్లో అడిగితే, "అప్పు తీరిందా లేదా?" అన్నారు. తీరింది. 1946లో ఇద్దరూ తిరిగొచ్చేసరికి సాపరాయన అప్పు తీరింది, మా తాకట్టూ తీరింది. రెండూ యుద్ధం డబ్బుతోనే.

ఇద్దరికీ పింఛను లేదు. పదిహేనేండ్లు సర్వీసుంటేనే పింఛను. యుద్ధం కోసం చేర్చుకున్న లక్షల మందిని ఒకేసారి ఇంటికి పంపేసినారు, చేతిలో కొంత ముట్టజెప్పి. ఇద్దరికీ డిశ్చార్జి సర్టిఫికెట్, మెడళ్ళు. మా జేజినాయన ఆ డబ్బుతో ఎడ్ల జత కొన్నాడు. సాపరాయన సర్కారు బంజరు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. భూమి లేనివాళ్ళకు, అందులోనూ సైన్యం నుంచి వచ్చినవాళ్ళకు బంజరు ఇచ్చే పద్ధతి ఉంది. 1949లో ఐదెకరాలకు పట్టా వచ్చింది. మనం డీకేటీ పట్టా అంటామే, అది. మా జేజినాయనకు నలభై ఎకరాలుంటే ఎవరిస్తారు? ఆయన అడగనూ లేదు.

అర్థమైంది కదా. మిలిటరీ చేను సాపరాయనది.

గుట్ట వార, రాళ్ళ నేల. మూడేండ్లు ఆయన, భార్య, పిల్లలు రాళ్ళేరి గెనిమ పోసినారు. కొర్ర వేసినారు, ఉలవ వేసినారు. ఊళ్ళోవాళ్ళు దానికి మిలిటరీ చేను అని పేరు పెట్టింది అప్పుడే. తర్వాత 1951 నుంచి వరసగా వానలు లేవు. 1952లో సీమంతా గంజి కేంద్రాలు. బావులు ఎండిపోయినాయి, పశువులను తోలుకొని పోయి ఎంతకొస్తే అంతకమ్ముకున్నారు. మా పాతరలో జొన్నలున్నాయి. సాపరాయన మా అరుగు ముందుకొచ్చినాడు. మూడు మూటల జొన్నలు, నూటయాభై రూపాయలకు ఆ చేను మా జేజినాయనకు భోగ్యం రాసిచ్చినాడు. తెల్ల కాగితం. నూరు రూపాయలు దాటిన తాకట్టు రిజిస్టరు కావాల, ఇది కాలేదు. కానీ కాగితం ఉంది, నేను చూసినా. కింద వేలిముద్ర లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో సంతకం.

డబ్బు కట్టినప్పుడు చేను విడిపించుకోవాల. భోగ్యమంటే అదే. కట్టలేకపోయినాడు. పంట మా ఇంటికి, రాళ్ళేరిన మనిషి అదే చేలో మాకు కూలి. పదేండ్లు గడిచేసరికి మా ఇంట్లో పిల్లలకు ఆ చేను పేరు ఒకటే తెలుసు, ఆ పేరుకు ఇంట్లోనే ఒక మిలిటరీ మనిషి ఉన్నాడు. కథ దానంతట అదే అతుక్కుంది. మా జేజినాయన ఆ అబద్ధం చెప్పింది నేనెప్పుడూ వినలేదు. కాదని చెప్పిందీ వినలేదు.

మీరు ఆయన్ని ఒక దుర్మార్గుడిగా ఊహించుకుంటారేమో, అట్ల కాదు. ఊరి బడికి స్థలమిచ్చినాడు. కరువులో ఎవరినీ తిట్టి పంపలేదు. సాపరాయన దాదాపు రోజూ సాయంత్రం వచ్చేవాడు. మా జేజినాయన అరుగు మీద, ఆయన కింద. ఇద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు, ఊళ్ళో ఇంకెవరికీ అర్థం కాకుండా. గంటలకు గంటలు. మేం, ఏడెనిమిదేండ్ల పిల్లోళ్ళం, ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఆయన మమ్మల్ని అయ్యా అనేవాడు. పళ్ళెం పట్టుకొని ఒకే వరసలో నిలబడిన ఐదేండ్లు కొండాపురం స్టేషన్‌లో దిగేటప్పుడే అయిపోయినాయి. అరుగు ఎత్తు ఎంత ఉండాలో ఇద్దరికీ తెలుసు. నాకు కోపమొచ్చేది మా జేజినాయన మీద కంటే ఎక్కువగా ఇక్కడే. పటాలం చూపించింది, మనిషి చూసినాడు, తిరిగొచ్చి మళ్ళీ అదే అరుగు మీద కూర్చున్నాడు.

1973లో భూపరిమితి చట్టమొచ్చింది, 1975 జనవరి నుంచి అమలు. మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు, నేల తరగతిని బట్టి. జిల్లాలో పెద్ద రైతులంతా డిక్లరేషన్లు రాసినారు. ఆ డిక్లరేషన్లు చదివితే మంచి కాలక్షేపం, ఊళ్ళో ఉన్న భూమికీ కాగితంలో ఉన్న భూమికీ పొంతన ఉండదు. మా జేజినాయన డిక్లరేషన్‌లో మిలిటరీ చేను లేదు. చట్టం ప్రకారం భోగ్యం కింద పట్టుకున్న భూమి కూడా హోల్డింగులో లెక్కే, రాయాల. ఆయన రాయలేదు. దాచిపెట్టినాడంటారా, తనది కాదని మనసులో ఉండి వదిలేసినాడంటారా, మీ ఇష్టం. రెండిట్లో ఏదైనా సరే, ఇరవై మూడేండ్లుగా పంట తింటున్న చేను నాది కాదు అని ఆయన తన సంతకంతోనే సర్కారుకు చెప్పినట్టయింది.

ఆ కాగితం ఎన్నో ఏండ్ల తర్వాత పనికొచ్చింది. గండికోట జలాశయం, 26.85 టీఎంసీలు, మా ఊరు ముంపులోకి వచ్చింది. భూసేకరణ నోటీసులొచ్చినాయి. సాపరాయన పోయి చాన్నాళ్ళయింది, మా జేజినాయన అంతకు ముందే పోయినాడు. పరిహారం ఎవరికియ్యాలో తేల్చే అవార్డు విచారణకు మా చిన్నాయన పోయి, మిలిటరీ చేను మా నాయనకు యుద్ధం చేసినందుకు ఇచ్చినారు, యాభై ఏండ్లకు పైగా మా అనుభవంలో ఉంది అని చెప్పినాడు. ఆయన అబద్ధమాడినాడని నేననను. ఆయన పుట్టింది మొదలు విన్నది అదే. సాపరాయన మనవలు పట్టా తెచ్చినారు, బూజుపట్టిన డిశ్చార్జి సర్టిఫికెట్ తెచ్చినారు. అడంగల్లో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, అనుభవదారు కాలంలో మా పేరు, పట్టాదారు కాలంలో వాళ్ళ జేజినాయన పేరు. అప్పుడు నేను వేరే డివిజన్‌లో పనిచేస్తున్నా, ఆ ఫైలుతో నాకు సంబంధం లేదు. కానీ భోగ్యం కాగితం మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉందని తెలుసు, డిక్లరేషన్ నకలు యాడ దొరుకుతుందో తెలుసు. రెండూ తీసి ఆ పిల్లోళ్ళకిచ్చినా.

పరిహారం వాళ్ళకే వచ్చింది. మా ఇంట్లో పెద్ద గొడవ. "ఇంటి కాగితం బయట పెడతావా" అన్నారు. ఒకాయన ఇప్పటికీ నా ఇంటి గడప తొక్కడు. ఆ మూడు మూటల జొన్నలకు, నూటయాభై రూపాయలకు మనం ఎన్ని పంటలు తిన్నామో లెక్కేసి చెప్పమంటే ఎవరూ చెప్పలేదు. నేను లెక్కేసినా, ఇక్కడ చెప్పను, సిగ్గేస్తుంది.

అందుకని వంశ చరిత్ర రాసుకుంటామని ఇప్పుడు చాలామంది పిల్లోళ్ళు నా దగ్గరికొస్తున్నారు, మంచిదే. వాళ్ళకు నేను చెప్పేది, పెద్దోళ్ళను అడగండి, రికార్డు చేసుకోండి, తర్వాత పోయి కాగితాలు చూడండి. పాత సర్వే సెటిల్మెంట్ రిజిస్టర్, ఇనాం రిజిస్టర్, ఈసీ అంటే భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం, భూపరిమితి డిక్లరేషన్లు. సైన్యంలో చేసినవాళ్ళుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఆ తర్వాత, ఇది ఎవరూ చెయ్యరు, మీ ఇంట్లో జీతమున్న వాళ్ళ ఇంటికి పోయి, మీ వంశం గురించి వాళ్ళేం చెప్తారో వినండి. మా వంశం గురించి నేను మా ఇంట్లో విన్నదాని కంటే వాడలో విన్నది ఎక్కువ.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: మీ జేజినాయన మెడళ్ళు ఎవరి దగ్గరున్నాయి సార్?)

మా చిన్నాయన దగ్గర. నాకియ్యడు. ఈ రోజు తర్వాత చూపించడు కూడా. (నవ్వులు) సాపరాయనవి వాళ్ళింట్లో లేవు. కరువులో అమ్ముకున్నారు. వెండి అనుకొని ఎవరో కొన్నారంట.

(మరొకరు: సార్, మా తాతకు కూడా 1949లోనే డీకేటీ ఇచ్చినారు. అమ్మడానికి లేదంటున్నారు. నిజమేనా?)

ఇది మంచి ప్రశ్న, చాలామందికి పనికొస్తుంది. పట్టా తేదీ చూడండి. 1954 జూన్ 18న 1142 జీవో వచ్చింది. అమ్మకూడదు అనే షరతు మామూలుగా అక్కడి నుంచి పెట్టినారు. అంతకు ముందు ఇచ్చిన పట్టాల్లో ఆ షరతు ఉండదు. ఉండదు అంటే, మీ పట్టాలో ఏం రాసిందో చదవాల, అది ముఖ్యం. ఆ తర్వాత సైనికుల కోటాలో ఇచ్చిందైతే పదేండ్లు దాటినాక అమ్ముకోవచ్చు. దానికి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తీసుకోవాల. మామూలు పేదలకు షరతుతో ఇచ్చిందైతే 1977 చట్టం కిందికి వస్తుంది, ఆ చట్టం మొదట్లో కొన్నవాడికి హక్కు ఇయ్యలేదు, 2023లో దాన్ని సవరించినారు, ఇప్పటి రూలు ఆఫీసులో కనుక్కోండి. ఒరిజినల్ పట్టా లేకపోతే అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలుకు అర్జీ పెట్టండి. ఎవరైనా జిరాక్సులు తెచ్చుంటే టీ తాగిన తర్వాత ఆ పక్క బెంచీ దగ్గరికి రాండి, చూద్దాం. ఒరిజినల్ మాత్రం ఎవరి చేతికీ ఇయ్యొద్దు, నా చేతికి కూడా.